గుప్పెడు మట్టి

మహాభారతంలోని ఉద్యోగపర్వం చదివినవారికి ఒక విశేషం స్ఫురించక మానదు. కౌరవుల చేతిలో వంచితులైనవారు పాండవులు. వారు కోల్పోయిన రాజ్యం ఒక్కటే, పొందిన అవమానమూ ఒక్కటే. అయినా శ్రీకృష్ణుడు రాయబారానికి బయలుదేరే వేళ వారి మాటలు ఒక్కటిగా లేవు. ధర్మరాజు ఐదూళ్లిచ్చినా చాలునన్నాడు. భీముడంతటివాడు, వినేవారు నివ్వెరపోయేటట్లు, శాంతి వచనాలు పలికాడు. సహదేవుడు యుద్ధమే మేలన్నాడు. ద్రౌపది తన కురులను చేతబట్టి చూపి, పగవారితో సంధి మాటలాడేటప్పుడు వీటిని మరచిపోవద్దని కృష్ణునికి విన్నవించింది. నష్టపోయినవారందరూ ఒకే గొంతుతో మాట్లాడాలన్న నియమం ఆ ఇతిహాసంలో లేదు, లోకంలోనూ లేదు.

ఆస్ట్రేలియా దేశంలో ఆదివాసులకూ, వారి నేలపై స్థిరపడిన సమాజానికీ మధ్య సయోధ్య కోసం కొన్ని దశాబ్దాలుగా ప్రయత్నాలు సాగుతున్నాయి. వాటిని అర్థం చేసుకోగోరేవారు ముందుగా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆదివాసులు కోరేదేమిటని అడిగేవారు సాధారణంగా ఒక్క సమాధానాన్ని ఆశిస్తారు. అది దొరకకపోతే, వారిలో వారికే పొత్తు లేదని పెదవి విరుస్తారు. అరవై లక్షల మంది ఉన్న ఒక నగరంలో ఒకే అభిప్రాయం ఉండాలని ఎవరూ కోరరు. 250కి పైగా భాషలు మాట్లాడిన జనసమూహాల విషయంలో మాత్రం అలా కోరడం సమంజసం కాదు.

ఆస్ట్రేలియా ఖండంలో మానవులు కనీసం 50,000 సంవత్సరాలుగా నివసిస్తున్నారని పురావస్తు పరిశోధనలు తెలుపుతున్నాయి. 1788 జనవరి 26న ఆర్థర్ ఫిలిప్ నాయకత్వంలో వచ్చిన బ్రిటిష్ నౌకలు, శిక్షపడిన ఖైదీలతో సహా, నేటి సిడ్నీ రేవులో లంగరు వేశాయి. ఆ పొరుగుననే ఉన్న న్యూజిలాండ్‌లో బ్రిటిష్‌వారు 1840లో మావోరీ నాయకులతో వైతాంగీ ఒప్పందం చేసుకొన్నారు. ఆస్ట్రేలియాలో అటువంటి ఒప్పందమేదీ జరగలేదు. ఆ నేల ఎవరికీ చెందనిదన్న భావనపైనే అక్కడి వలసపాలన నిలిచింది. టెర్రా నల్లియస్ అనే లాటిన్ పదబంధంతో న్యాయశాస్త్రం దానిని వ్యవహరించింది. మనుషులు కనిపిస్తూనే ఉండగా నేల మాత్రం నిర్జనమన్నారన్నమాట. ఈ ఒక్క అసత్యం తొలగడానికి 204 సంవత్సరాలు పట్టింది. టోరెస్ జలసంధిలోని మెర్ ద్వీపానికి చెందిన ఎడ్డీ కోయికీ మాబో, ఆయన సహచరులు సాగించిన వ్యాజ్యంలో 1992 జూన్ 3న ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం ఆ భావనను తోసిపుచ్చింది. మాబో ఆ తీర్పు వినలేదు. అంతకు కొద్ది నెలల ముందే, అదే ఏడాది జనవరిలో ఆయన కన్నుమూశారు.

అయితే న్యాయస్థానం కంటె చాలా ముందుగా ఈ ప్రశ్నను లేవనెత్తినవారు పశువుల కాపరులు. ఉత్తర ప్రాంతంలోని వేవ్ హిల్ అనే విశాలమైన పశువుల క్షేత్రం ఒక బ్రిటిష్ కంపెనీ అధీనంలో ఉండేది. ఆ నేల పూర్వం గురిండ్జీ ప్రజలది. తమ నేలపై తామే కూలీలై వారు పశువులను మేపారు. తెల్ల కార్మికులకిచ్చే వేతనంలో వారికి దక్కినది స్వల్పభాగం. మిగిలినది పిండి, చక్కెర, తేయాకు వంటి దినుసుల రూపంలో ముట్టేది. 1966 ఆగస్టు 23న విన్సెంట్ లింగియారి నాయకత్వంలో దాదాపు 200 మంది, స్త్రీలు, పిల్లలతో సహా, పని విడిచి నడిచి వెళ్లిపోయారు. దాగురాగు అనే చోట, ఒక వాగు ఒడ్డున, విడిది చేశారు. లోకం దానిని కూలి పెంపు కోసం జరిగిన సమ్మె అనుకొన్నది. కొద్దికాలానికే అసలు కోరిక బయటపడింది. వారు అడిగినది కూలి మాత్రమే కాదు, నేల. ప్రభుత్వం తిరస్కరించింది. వారు కదలలేదు. తొమ్మిదేళ్లు గడిచాయి.

1975 ఆగస్టు 16న ప్రధానమంత్రి గఫ్ విట్లమ్ దాగురాగుకు వచ్చి, ఆ నేల నుండి గుప్పెడు మట్టి తీసి లింగియారి అరచేతిలో పోశారు. ఇకపై మనమందరం మిత్రులమన్న భావంతో లింగియారి బదులు పలికారు. మెర్విన్ బిషప్ అనే ఆదివాసీ ఛాయాచిత్రకారుడు తీసిన ఆ దృశ్యం నేడు ఆస్ట్రేలియా పాఠ్యపుస్తకాలలో కనిపిస్తుంది. ఆ చిత్రం వెనుక ఒక చిన్న ముచ్చట ఉంది. అసలు కార్యక్రమం పందిరి నీడలో జరిగింది. వెలుగు చాలలేదు. బయటకు వచ్చి మరొకసారి మట్టి పోయవలసిందిగా బిషప్ కోరగా, ఇద్దరూ ఎండలోకి వచ్చి ఆ పని మళ్లీ చేశారు. లోకం చూసినది రెండవసారి పోసిన మట్టిని. ఆ మట్టితో పాటు గురిండ్జీలకు ఆ రోజు చేతికందిన పత్రం కూడా యాజమాన్య పట్టా కాదు, అది కౌలు పత్రం. శాశ్వతమైన, అన్యాక్రాంతం కాని హక్కు వారికి దక్కింది 1986లో. లింగియారి అప్పటికింకా జీవించి ఉన్నారు. 1988లో మరణించారు. సయోధ్యకు ప్రతీకగా ఒక చేష్ట ఎంత అందంగా ఉన్నా, దాని వెనుక కాగితంలో ఏమి వ్రాసి ఉన్నదో చదవాలని ఈ పదకొండేళ్ల ఎడం చెబుతుంది.

భూమి సంగతి ఇలా ఉండగా, అంతకంటె లోతైన మరొక గాయం ఇంటి లోపల ఉంది. ఇరవయ్యవ శతాబ్దంలో చాలాకాలం పాటు ఆస్ట్రేలియాలో ప్రభుత్వాధికారులు, మతసంస్థలు కలిసి ఆదివాసీ పిల్లలను, ముఖ్యంగా మిశ్రమ సంతానాన్ని, తల్లుల నుండి వేరుచేసి అనాథాలయాల వంటి గృహాలలో, తెల్లవారి ఇళ్లలో పెంచారు. వారిని తెల్ల సమాజంలో కలిపివేయడమే అందులోని ఉద్దేశం. దీనిపై జరిగిన జాతీయ విచారణ తన నివేదికను 1997లో పార్లమెంటుకు సమర్పించింది. 1910 నుండి 1970 వరకు గల కాలంలో ఆదివాసీ పిల్లలలో పదిమందికి ఒకరు మొదలు ముగ్గురికి ఒకరు వరకు ఇలా వేరుచేయబడి ఉంటారని ఆ నివేదిక అంచనా వేసింది. వారినే అక్కడ అపహృత తరాలు అంటారు.

లోయిట్జా ఓడొనహ్యూ జీవితం ఈ చరిత్రకు ఒక అద్దం. ఆమె తల్లి లిలీ, యంకునిట్జట్జర ప్రజలకు చెందిన స్త్రీ. తండ్రి ఐరిష్ సంతతివాడు. రెండేళ్ల ప్రాయంలో ఆమె ఒక క్రైస్తవ మిషను గృహానికి చేరింది. అక్కడ ఆమెకు కొత్త పేరు పెట్టారు. పుట్టినరోజు తెలియకపోవడంతో ఆగస్టు 1 అని నిర్ణయించారు. తల్లి భాష మాట్లాడనివ్వలేదు. పెద్దదై, నర్సు శిక్షణ కోసం అడిలైడ్‌లోని పెద్ద ఆసుపత్రిలో ప్రవేశం కోరితే తొలుత నిరాకరించారు. పట్టుబట్టి సాధించారు. 1962లో ఆమె మన దేశానికి వచ్చి అస్సాంలో నర్సుగా పనిచేశారు. చైనాతో యుద్ధం రావడంతో ఆ ప్రాంతాన్ని విడిచి వెళ్లవలసివచ్చింది. తల్లిని ఆమె తిరిగి చూసింది ముప్పై ఏళ్లు దాటిన తరువాతనే. కూబర్ పీడీ అనే ఊరిలోని దుకాణం వద్ద కొందరు బంధువులు ఆమె ముఖంలోని పోలికను బట్టి లిలీ కూతురని గుర్తుపట్టారు. ఆ తరువాత జరిగిన తల్లీకూతుళ్ల కలయికలో ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు.

ఇంతటి అనుభవం గల ఆమె మాటలు కూడా అందరూ ఆశించిన దారిలో సాగలేదు. తన విషయంలో అపహరణ అనడం కంటె తొలగింపు అనడమే సరియైనదని ఆమె చెప్పినట్లు 2001లో ఒక పత్రిక ప్రచురించింది. కన్నతండ్రే తన పిల్లలను మిషనుకు అప్పగించి ఉండవచ్చునన్న బాధ ఆ మాట వెనుక ఉంది. అపహరణ అసలు జరగనే లేదని వాదించేవారు దానిని వెంటనే అందిపుచ్చుకొన్నారు. తన మాటను అలా వాడుకొన్న తీరును ఆమె గట్టిగా ఖండించారు. తన గాయానికి తగిన పేరు వెదుక్కొనే స్వేచ్ఛ సైతం బాధితులకు సులభంగా దొరకదు. 1984లో ఆ దేశపు ఉత్తమ పౌరురాలి పురస్కారం పొందిన ఆ మహిళ 2024 ఫిబ్రవరిలో మరణించారు.

1997 నాటి నివేదిక ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని కోరింది. ఆనాటి ప్రధానమంత్రి జాన్ హోవర్డ్ అందుకు అంగీకరించలేదు. పూర్వులు చేసిన పనులకు, వాటిపై ఏ అదుపూ లేని నేటి తరంవారు అపరాధ భారాన్ని మోయనక్కరలేదని ఆయన వాదం. ఆ ఏడాది మెల్‌బోర్న్‌లో జరిగిన సయోధ్య మహాసభలో ఆయన మాట్లాడుతుండగా సభికులలో కొందరు లేచి వీపు తిప్పి నిలబడ్డారు. 1999లో ఆయన పార్లమెంటులో ప్రవేశపెట్టిన తీర్మానం హృదయపూర్వకమైన విచారాన్ని ప్రకటించింది గాని, క్షమాపణ అన్న మాట వాడలేదు. ఈ వాదాన్ని తేలికగా కొట్టిపారవేయడం న్యాయం కాదు. తాత చేసిన తప్పుకు మనుమడు దోషియా అన్నది ధర్మశాస్త్రాలలోనూ తేలని ప్రశ్న. అయితే హోవర్డ్ పక్షం ఒక భేదాన్ని విస్మరించింది. వ్యక్తి మరణిస్తాడు, ప్రభుత్వం మరణించదు. తాత చేసిన అప్పుకు వ్రాసిన పత్రం చెల్లుతుందని నమ్మేవారు, తాత చేసిన అన్యాయం మాత్రం ఆయనతోనే చితికెక్కిందనడం పొసగదు. సామాన్య ప్రజలలో చాలామంది ఈ భేదాన్ని గ్రహించినట్లే కనిపిస్తుంది. 2000 మే 28న సిడ్నీ హార్బర్ వంతెనపై సుమారు రెండున్నర లక్షల మంది సయోధ్య కోసం నడిచారు.

2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. వీక్షకుల స్థానాలలో అపహృత తరాలకు చెందిన వృద్ధులు కూర్చున్నారు. కొందరు కన్నీరు కార్చారు. తమ తల్లి తమను వదలివేయలేదని, తమను లాగుకొనిపోయారని దేశం ఒప్పుకోవడమే చాలునని భావించినవారున్నారు. ఆ మాట వినకుండానే చనిపోయిన తోబుట్టువులను తలచుకొన్నవారున్నారు. కాని ఆ క్షమాపణతో పాటు నష్టపరిహారం ప్రకటించలేదు. కేప్ యార్క్ ప్రాంతానికి చెందిన న్యాయవాది నోయెల్ పియర్సన్ అప్పుడే ఒక పత్రికావ్యాసంలో, ఆదివాసులకు దక్కేవి మాటలేనని, సంపద మాత్రం ఉన్నచోటనే ఉంటుందని ఆక్షేపించారు. మాట గొప్పదా, సొమ్ము గొప్పదా అన్న ప్రశ్నకు ఇక్కడ ఒక్క సమాధానం లేదు. తల్లిని కోల్పోయినవానికి సొమ్ము ఎందుకని అనేవారుంటారు. సొమ్ము ఇవ్వని చేతి నుండి వచ్చిన మాట ఎందుకని అనేవారూ ఉంటారు. ఇద్దరూ బాధితులే. టాస్మేనియా రాష్ట్రం మాత్రం 2006లోనే పరిహారానికి చట్టం చేసింది.

సయోధ్య అనే మాటపైనే ఆదివాసులలో కొందరికి అభ్యంతరం ఉంది. ఆంగ్లంలో దానికి వాడే రికన్సిలియేషన్ అన్న పదానికి, ఒకప్పుడు ఉండి చెడిన స్నేహాన్ని మళ్లీ కుదుర్చుకోవడమని అర్థం. ఎన్నడూ లేని స్నేహాన్ని మళ్లీ కుదుర్చుకోవడం ఎలాగని వారి ప్రశ్న. తెలుగులోనూ ఈ భావానికి మాటలు చాలా ఉన్నాయి, ఏ రెండూ ఒకటి కావు. ఉర్దూ నుండి వచ్చిన రాజీ అంటే మూలంలో సమ్మతి. వాడుకలో మాత్రం ఇరుపక్షాలూ కొంత కొంత వదులుకోవడం. సంధి అంటే కలయిక. ఈ మాట వినగానే విద్యార్థులకు వ్యాకరణం జ్ఞప్తికి వస్తుంది. అది ఇక్కడ పనికిరాని జ్ఞాపకం కాదు. తెలుగు సంధులలో సామాన్యంగా జరిగేదేమిటి? ముందున్న అచ్చు లోపించి, తరువాత వచ్చిన అచ్చు నిలుస్తుంది. రాముడు, అతడు అన్న రెండు మాటలు కలిస్తే రాముడతడు అవుతుంది. ముందున్న ఉకారం కనబడదు. పిల్లలను తల్లుల నుండి వేరుచేసి తెల్ల సమాజంలో కలిపివేయజూచిన విధానం సరిగ్గా ఇటువంటి సంధి. పూర్వం నుండి ఉన్నవారు లోపించి, తరువాత వచ్చినవారు నిలవడం. ఆ కలయికకు ఆదివాసులు భయపడ్డారంటే వింత లేదు. కాని వ్యాకరణంలోనే మరొక మార్గమూ ఉంది. సంధి కుదరనిచోట రెండు అచ్చుల నడుమ యకారం వచ్చి చేరుతుంది. మా, అమ్మ అన్న మాటలు మాయమ్మ అవుతాయి. రెండు అచ్చులూ చెక్కుచెదరవు, నడుమ ఒక కొత్త అక్షరం వాటిని కలుపుతుంది.

అటువంటి ఒక నడిమి అక్షరాన్ని కోరినదే ఉలూరు ప్రకటన. దేశవ్యాప్తంగా పన్నెండు ప్రాంతీయ చర్చల అనంతరం, 2017 మే నెలలో మధ్య ఆస్ట్రేలియాలోని ఉలూరు అనే మహాశిల వద్ద ఆదివాసీ ప్రతినిధులు సమావేశమై, మూడు విషయాలు కోరారు. రాజ్యాంగంలో స్థానం గల ఒక సలహా మండలి, ప్రభుత్వంతో ఒప్పందం, జరిగిన చరిత్రను బహిరంగంగా చెప్పుకోవడం. మొదటిదానికి గళం అని పేరు పెట్టారు. యోల్‌ఙు భాషలోని మకరట అనే పదాన్ని కూడా ఆ ప్రకటన వాడింది. సంఘర్షణ తరువాత కలిసి కూర్చోవడమని దాని భావం. రికన్సిలియేషన్ కంటె ఈ మాటే వారికి సరిపోయిందనిపిస్తుంది. జరిగిన తగవును అది దాచిపెట్టదు.

ఈ గళం కోసం రాజ్యాంగ సవరణ అవసరమై, 2023 అక్టోబరు 14న దేశప్రజల అభిప్రాయం కోరారు. ఆ సందర్భంలో ముగ్గురు ఆదివాసీ ప్రముఖులు వినిపించిన మాటలు ఈ పాఠ్యాంశానికి కీలకం.

నోయెల్ పియర్సన్ దానిని సమర్థించారు. పూర్వం క్షమాపణను సందేహించిన ఈయనే గళం కోసం ఊరూరా తిరిగారు. ఆయన దృష్టిలో ఇందులో వైరుధ్యం లేదు. దానధర్మాలపై ఆధారపడే బ్రతుకు ఆదివాసులను కుంగదీసిందని, తమ బాధ్యతను తాము స్వీకరించాలని ఆయన ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. తమ గురించి చేసే చట్టాలలో మాట్లాడే హక్కు లేనిదే బాధ్యత ఎలా వస్తుందని ఆయన వాదం.

జసింటా నంపిజిన్పా ప్రైస్ వ్యతిరేకించారు. ఆమె తల్లి వార్ల్‌పిరి ప్రజలకు చెందినవారు. తాను ఉత్తర ప్రాంతం నుండి సెనేటుకు ఎన్నికైన సభ్యురాలు. జాతిని బట్టి పౌరులను రాజ్యాంగంలో విభజించడం తగదని, మారుమూల పల్లెలలో మద్యం, హింస వలన స్త్రీలు, పిల్లలు పడే యాతనను నగరాలలోని మరొక మండలి తీర్చలేదని ఆమె అన్నారు. వలసపాలన దుష్ఫలితాలు నేటికీ కొనసాగడం లేదని కూడా ఆమె అన్నారు. అది చాలామంది ఆదివాసులను నొప్పించింది. చెరసాలలలో ఉన్నవారిలో దాదాపు మూడవ వంతు, జనాభాలో నాలుగు శాతం కూడా లేని ఆదివాసులే అయిన దేశంలో ఆ మాట నిలవడం కష్టం. అయినా మారుమూల పల్లెల స్త్రీల గురించి ఆమె లేవనెత్తిన ప్రశ్న, ఆమె ఇచ్చిన సమాధానంతో పాటు కొట్టుకొనిపోదగినది కాదు.

లిడియా థార్ప్ కూడా వ్యతిరేకించారు, కాని పూర్తిగా ఎదురు దిక్కు నుండి. విక్టోరియా రాష్ట్రం నుండి సెనేటుకు చేరిన తొలి ఆదివాసీ మహిళ ఆమె. ఉలూరు సమావేశం నుండి 2017లోనే నిరసనగా బయటకు నడిచిన కొద్దిమందిలో ఒకరు. ఆదివాసులు తమ సార్వభౌమత్వాన్ని ఎన్నడూ వదులుకోలేదని, సలహా ఇవ్వడమే తప్ప అధికారం లేని మండలిని తమను ఆక్రమించినవారి రాజ్యాంగంలో చేర్చడం తమకు అవసరం లేదని, ముందు ఒప్పందం జరగాలని ఆమె పట్టు. ప్రైస్, థార్ప్ ఒకే పెట్టెలో ఒకే ఓటు వేశారు. ఆ ఓటుకు ఒకరి అర్థం మరొకరిది కాదు.

ఫలితం వెలువడింది. ఓటర్లలో సుమారు 60 శాతం వద్దన్నారు. ఆరు రాష్ట్రాలలో ఒక్కటీ అంగీకరించలేదు. ఉత్తర ప్రాంతంలోని మారుమూల ఆదివాసీ పల్లెలలో మాత్రం అత్యధికులు సమర్థించారు. ఆ రాత్రి గళం కోసం శ్రమించిన ఆదివాసీ నాయకులు వారం రోజుల మౌనం ప్రకటించారు. సయోధ్య మరణించిందని మార్సియా లాంగ్టన్ అనే విదుషి వ్యాఖ్యానించారు. ఆమె దశాబ్దాల పాటు అందుకోసమే పనిచేసిన వ్యక్తి.

తరువాతి పరిణామాలు ఒకే దిక్కుగా సాగలేదు. దక్షిణ ఆస్ట్రేలియా తన చట్టం ద్వారా ఏర్పరచిన గళానికి 2024లో ఎన్నికలు జరిపింది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం ఒప్పందానికి దారితీసే చట్టాన్ని అదే ఏడాది రద్దు చేసింది. విక్టోరియా 2025లో ఆదివాసులతో ఒప్పందాన్ని చట్టబద్ధం చేసింది. ఆ దేశంలో ఒక రాష్ట్రం ఆ పని చేయడం అదే మొదటిసారి.

ఈ వివాదంలో మూడవ పక్షం ఒకటి ఉన్నది. తరువాతి కాలంలో ఇతర దేశాల నుండి వచ్చి స్థిరపడినవారు. తెలుగునాట నుండి వెళ్లి సిడ్నీ, మెల్‌బోర్న్ వంటి నగరాలలో ఇల్లు కట్టుకొన్న కుటుంబాలు ఇప్పుడు గణనీయంగా ఉన్నాయి. అక్కడ బహిరంగసభలు సాధారణంగా ఆ నేల యొక్క సంప్రదాయ స్వాములైన ఆదివాసులను స్మరించి మొదలవుతాయి. పాఠశాలలో పిల్లలు ఆ మాటలు నేర్చుకొని వస్తారు. జనవరి 26 మనకు గణతంత్ర దినం, ఆస్ట్రేలియాకు జాతీయ దినం, ఆదివాసులలో చాలామందికి దండయాత్ర దినం. 1938లోనే వారు ఆ తేదీన సంతాపదినం పాటించారు. వలస వచ్చినవారికి పౌరసత్వం ప్రదానం చేసే సభలు కూడా ఆ రోజున అనేక చోట్ల జరుగుతాయి. ఒకప్పుడు బ్రిటిష్ పాలన నుండి విముక్తి పొందిన దేశంవారు, అదే బ్రిటిష్ పాలన వేరొక జాతి నేలపై కాలుమోపిన తేదీన ఆ నేలకు పౌరులు కావడం చరిత్ర కల్పించిన చిక్కు. తాము నిన్న మొన్న వచ్చినవారమని, ఆ పాపంలో తమకు పాలు లేదని అనుకోవడం సహజమే. ఇల్లు కట్టుకొన్న స్థలం మాత్రం అదే నేలలోనిది.

దోషుల వారసులు, బాధితుల వారసులు ముఖాముఖి నిలిచిన సందర్భాలు అరుదు. అటువంటిది ఒకటి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని మయాల్ క్రీక్ వద్ద జరిగింది. 1838 జూన్ 10న అక్కడ వలసదారుల పక్షాన గుర్రాలపై వచ్చిన ఒక ముఠా కనీసం 28 మంది ఆదివాసులను వధించింది. మృతులలో ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. అటువంటి దారుణాలు ఆ ఖండంలో ఎన్నో జరిగినా, నేరస్థులను న్యాయస్థానం శిక్షించినది ఇక్కడ. మొదటి విచారణలో నిర్దోషులన్నారు. రెండవ విచారణ తరువాత ఏడుగురిని ఉరితీశారు.

2000 జూన్ 10న ఆ కొండవాలుపై ఒక స్మారకశిలను నెలకొల్పారు. హతుల వంశీయులు, హంతకుల వంశీయులు కలిసి ఆ కార్యంలో పాల్గొన్నారు. ఏ ప్రభుత్వమూ వారిని ఆదేశించలేదు. అక్కడకు వెళ్లే కాలిబాట పొడుగునా, జరిగిన సంగతిని ఆంగ్లంలోను, గమిలరాయ్ భాషలోను చెక్కిన ఫలకాలు ఉన్నాయి. 2005లో ఎవరో ఆ ఫలకాలపై సుత్తి దెబ్బలు వేశారు. స్త్రీలు, పిల్లలు, హత్య అన్న మాటలను చెరిపివేయడానికి ప్రయత్నించారు. ఫలకాలను మళ్లీ బాగుచేశారు. 2008లో ఆ స్థలం జాతీయ వారసత్వ జాబితాలో చేరింది. ప్రతి ఏటా జూన్ మాసంలో రెండు పక్షాల వంశీయులూ, వారితో పాటు ఇతరులూ, ఆ బాట వెంట శిల దాకా నడుస్తారు.